వాలిన గుంజ

జూన్ 12, గురువారం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా చేతిరాత బాగుండదు, రాతలో తప్పులు పడతాయి. ఏడో తరగతితో ఆపేశాను. ఎవరిని అడుగుతున్నానో తెలియదు, ఇది ఎవరి కోసమూ రాయడం లేదు. అయినా అడిగాక మనసు కుదుటపడింది.

డైరీ ఇచ్చింది కింది వాటాలో ఉండే సంతోషమ్మగారు. మా ఇంటి ఓనరు, టీచరుగా చేసి రిటైరయ్యారు. ఎవరో ఇన్సూరెన్సు ఆయన జనవరిలో ఇచ్చాడట. సగం ఏడాది అయిపోయింది కాబట్టి ముందు పేజీలన్నీ ఖాళీ. ప్రతి పేజీ మీదా తారీఖు, వారం అచ్చువేసి ఉన్నాయి. పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందు కూర్చుని అంకెలు రాస్తావు కదా అమ్మాయ్, నీ మాట కూడా ఒక ముక్క రాసుకో అన్నారు.

అంకెల సంగతి ఇది. మా బావ దుర్గాశ్రీనివాస్ గుడివాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. నాకు సొంత మేనత్త కొడుకు. పెళ్ళయి పద్నాలుగు నెలలు. పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఈ ఏడాది లోపల థీసిస్ ఇవ్వకపోతే కాలేజీలో ఉంచరు. ఆ పీహెచ్‌డీ అంతా మా ముందు గదిలో ఉన్న నల్ల డబ్బాలో ఉంది. అది రోజుల తరబడి ఆగకుండా నడవాలి. కాలేజీ ల్యాబ్‌కి ఐదింటికి తాళం వేస్తారు, అందుకని ఇంట్లో పెట్టాడు.

కరెంటు పోతే యూపీఎస్ బ్యాటరీ పావుగంట నడుపుతుంది. ఆ పావుగంటలో ఆపి సేవ్ చేయాలి. కరెంటు వచ్చాక కంటిన్యూ కొట్టాలి. గంటకోసారి స్క్రీన్ మీది అంకెలు లాగ్‌బుక్కులో ఎక్కించాలి. గీతలు కిందికి దిగుతుంటే మంచిది. పైకి లేస్తే స్టాప్ నొక్కి ఫోన్ చేయాలి. బావ కాలేజీలో ఉన్నంతసేపూ ఇదే నా పని.

బాగానే చేస్తున్నాను అనుకుంటాను. ఎవరూ చెప్పలేదు.

జూన్ 13, శుక్రవారం

కరెంటు నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ సేవ్ చేశాను.

జూన్ 22, ఆదివారం

ఇవాళ బావ మంచి మూడ్‌లో ఉన్నాడు. అసలు ఇది దేని గురించి అని అడిగాను. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే అని మొదలుపెట్టాడు. ఆ మాట అనకుండా ఎప్పుడూ మొదలుపెట్టడు.

విండ్ టన్నెల్ అంటే పెద్ద ఇనుప గొట్టం. బెంగుళూరులో ఉంది. పెద్ద ట్యాంకుల్లో గాలి బిగించి ఒక్కసారి వదులుతారు. ఆ గాలి ఇంచుమించు శబ్దం అంత వేగంతో పోతుంది. మధ్యలో సూదిమొన ఉన్న గొట్టం బొమ్మని ఒక రాడ్ మీద నిలబెడతారు. మొన పైకెత్తి వాలుగా పెడతారు. గాలి దాన్ని ఎటు ఎంత లాగిందో కొలుస్తారు. గాలి వచ్చేది ఇరవై సెకన్లే. ఆ ఇరవై సెకన్ల కోసం నెలల తరబడి క్యూలో ఉండాలట. అందుకని అదే గొట్టాన్ని, అదే గాలిని కంప్యూటర్‌లో కట్టి చూస్తారు. అక్కడి ఇరవై సెకన్లలో ఒక పిసరంత ముక్కకి ఇక్కడ పది రోజులు పడుతుంది.

స్క్రీన్ మీద గొట్టం చుట్టూ వల ఉంది. దాన్ని మెష్ అంటాడు. గొట్టం దగ్గర కళ్ళు సన్నం, దూరం వెళ్ళేకొద్దీ పెద్దవి. ఒక్కో కంట్లో గాలి ఎంత ఉందో, ఎటు పోతోందో లెక్క కట్టుకుంటూ పోతుందట. మా నాన్న అల్లే వల కూడా ఇంతే బావా, సంచి అడుగున సన్న కళ్ళు, మూతి దగ్గర పెద్ద కళ్ళు అన్నాను. బావ నవ్వాడు. మంచి నవ్వే.

జూలై 6, ఆదివారం

బావ ఫ్రెండు గోపి గారు భోజనానికి వచ్చారు. అదే కాలేజీ. ఆయన ముందు బావని ఏవండీ అని పిలవమని పొద్దున్నే చెప్పాడు. రెండుసార్లు నోరు తిరగక బావా అనేశాను. బావ తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు.

వంటింట్లోంచి వింటున్నాను. ఇంత రన్ ఇంట్లో ఎలా లాగుతున్నావురా బాబూ, మా ల్యాబ్‌లో జనరేటర్ ఉండి కూడా క్రాష్ అవుతోంది అని గోపి గారు అడిగారు. నాకు రెండు యూపీఎస్‌లు, ఒకటి టేబుల్ కింద, ఒకటి వంటింట్లో అన్నాడు బావ. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

గోపి గారు వెళ్ళేటప్పుడు, పులుసు అదిరిపోయింది చెల్లెమ్మా అన్నారు. పాపం ఆయన మంచివాడే.

జూలై 11, శుక్రవారం

ఇవాళ కొత్త సంగతి తెలిసింది.

సాయంత్రం బావ బొమ్మని మౌసుతో తిప్పి చూస్తున్నాడు. ఒకచోట ఆగినప్పుడు చూస్తే అది గొట్టం కాదు. నిలువునా చీల్చిన ములక్కాడలాగా సగమే ఉంది. రెండో సగం ఏది బావా అన్నాను. సగమే రన్ చేస్తాం, రెండో వైపు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కదా, చివర్లో అద్దంలోలాగా రెండోది చూపించేస్తుంది, టైము సగానికి సగం ఆదా అన్నాడు. నెల రోజులుగా నేను కాపలా కాసింది సగానికే.

ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. రెండో వైపు ఇలాగే ఉండదు బావా అన్నాను.

ఎందుకుండదు అన్నాడు.

చెప్పాను. మా నాగాయలంక పాయల్లో సరుగుడు గుంజలు పాతి, వాటికి సంచివల కడతారు. అమ్మకి నడుం పడిపోయాక నాన్నతో పడవ మీదికి నేనే వెళ్ళేదాన్ని. గుంజ నిటారుగా ఉంటే దాని వెనక నీళ్ళు ఒకసారి ఎడమ నుంచి సుడి తిరుగుతాయి, ఒకసారి కుడి నుంచి. రెండూ కలిసి ఎప్పుడూ రావు. గుంజ నీటికి ఎదురుగా వాలి ఉంటే అలా మారదు. సుడి ఒక పక్కనే బలంగా నిలబడిపోతుంది. వల ఆ పక్కకే లాగుతుంది. గుంజ రెండు వైపులా ఒకటే, నీళ్ళూ ఒకటే, అయినా ఒక పక్కకే. వల కట్టేముందు ఎటు లాగుతుందో చెయ్యి పెట్టి చూసుకోవాలి, లేకపోతే తాడు తెగుతుంది. నీ గొట్టం కూడా వాలుగానే ఉంది కదా బావా, లాగ్‌బుక్కులో పైకి లాగేదానికి గడి ఉంది, వెనక్కి లాగేదానికి ఉంది, పక్కకి లాగేది ఎక్కడ రాయాలి అన్నాను.

ఇంతసేపు ఆయన ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

పక్కకి లాగదే పిచ్చిమొహమా అన్నాడు. అది రొయ్యల గుంజ, ఇది ఏరోడైనమిక్స్ అన్నాడు. ఆరింటి అంకెలు ఎక్కించావా అన్నాడు.

ఎక్కించలేదు. ఆరూ ఇరవై అయింది. లాగ్‌బుక్కు మొదలుపెట్టాక గంట దాటిపోవడం ఇదే మొదటిసారి.

జూలై 14, సోమవారం

కాలేజీలో చెప్పేశాడు. మధ్యాహ్నం బావకి ఫోన్ కలవలేదని గోపి గారు నాకు చేశారు. ఏం చెల్లెమ్మా, గుంజ ఎటు లాగుతోంది అన్నారు. వెనక ఇంకెవరో నవ్వారు.

ఆగస్టు 3, ఆదివారం

నాన్న వచ్చాడు. పీతలు, ఎండు నెత్తళ్ళు తెచ్చాడు. అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు సంచి మీద ఎవరో కూర్చున్నారట. పీత కరిచి ఉంటే తెలిసేది నాయాలకి అన్నాడు. చాలా రోజులకి నవ్వాను.

బావ అన్నం తింటుండగా నాన్నని అడిగాను. కావాలనే అడిగాను. నాన్నా, వాలిన గుంజ ఎటు లాగుతుందో ముందే ఎలా తెలుస్తుంది అన్నాను. ఎప్పుడో చెప్పానుగా అన్నాడు. పోటు మీద నీళ్ళు పెరిగినప్పుడు గుంజ పై మొన మునిగి ఉంటుంది చూడు, ఆ మొన దగ్గర బెరడు బుడిపె ఏ పక్కన ఉందో చూస్కో, దాన్ని బట్టే సుడి ఒక పక్కన పడుతుంది, బుడిపె తిప్పి పాతితే సుడీ తిరుగుతుంది, గోరంత బుడిపె చాలమ్మా, కింద ఎంత లావుగా ఉన్నా దానికి లెక్క లేదు అన్నాడు. కత్తితో మొన చెక్కుతున్నట్టు చెయ్యి తిప్పి చూపించాడు.

బావ తల ఎత్తకుండా పీత కాలు కొరుకుతున్నాడు. మావయ్యా, ఇంకో పీత వెయ్యమను అన్నాడు.

నాన్న వెళ్ళేటప్పుడు మెట్ల మీద అడిగాడు. సెప్టెంబరు పదిన అమ్మ సంవత్సరీకం, ముందు రోజే వచ్చెయ్యమ్మా అన్నాడు. వస్తాను అన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

బెంగుళూరు నుంచి రిజల్ట్ వచ్చింది. బావ గొట్టాన్ని నిజం టన్నెల్‌లో పెట్టారు. పైకి ఎంత లాగిందో అందులో సగానికి పైగా పక్కకి లాగిందట.

బావ లెక్కలో పక్కకి లాగడం అనేదే లేదు. నాలుగు చాప్టర్లు ఆ లెక్క మీదే రాశాడు.

బందరులో ఉండే గైడు పూర్ణచంద్రరావు గారు స్పీకర్‌లో అరుస్తున్నారు. అక్కడ రాడ్ వంకరగా బిగించారేమో కనుక్కోవయ్యా, లేదంటే నీ పని అయిపోయినట్టే, డిసెంబరు కాదు, వచ్చే డిసెంబరుకి కూడా కాదు అంటున్నారు. బావ సార్, సార్ అంటున్నాడు. రాడ్ సరిగ్గానే ఉందట. మూడుసార్లు చేశారట. మూడుసార్లూ ఎడమకే.

టీ పెట్టాను. బావ తాగలేదు.

ఆగస్టు 21, గురువారం

బావ సెలవు పెట్టాడు. పదకొండింటికి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు ఏమన్నావే అన్నాడు.

ఏ రోజు అన్నాను. ఏ రోజో నాకు తెలుసు.

గుంజ సంగతి అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి కూర్చుని విన్నాడు. వెనకాల సుడి ఎంత దూరంలో మొదలవుతుంది, వాలు పెరిగితే ఏమవుతుంది, నీళ్ళు జోరుగా ఉంటే ఎలా ఉంటుంది అని అడిగాడు. కొంచెం వాలితే రెండు సుడులూ సమానంగానే ఉంటాయి, బాగా వాలాకే ఒకటి గెలుస్తుంది అని చెప్పాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో అగరుబత్తి పుల్లని వాల్చి లాగి చూపించాను. పసుపు చల్లితే సుడి కనబడింది. ఇద్దరం తలలు ఆనించి చూశాం. గంటసేపు అలాగే కూర్చున్నాం. అన్నం అడుగంటింది. మాడినది కూడా బాగుంది అన్నాడు.

ఈ పద్నాలుగు నెలల్లో, కాదు, పదహారు నెలల్లో, ఆ గంట ఒక్కటి నాది.

సాయంత్రం గొట్టం మొత్తం పెట్టి రన్ మొదలుపెట్టాడు. ఇప్పుడు రెండింతల టైము. పక్కకి లాగేదానికి లాగ్‌బుక్కులో నేనే గడి గీశాను.

ఆగస్టు 30, శనివారం

తొమ్మిది రోజులైంది. ఆ గడిలో సున్నా, సున్నా, సున్నా.

గొట్టం మొత్తం పెట్టినా లాగడం లేదు. బావ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నీ మాట విని తొమ్మిది రోజులు తగలేశాను అన్నాడు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ తొమ్మిది రోజులూ నా మీదే పడ్డాయి.

తర్వాత స్నానం చేస్తుండగా తట్టింది. తడి జుట్టుతోనే వచ్చి చెప్పాను. బావా, నీ గొట్టానికి బుడిపె లేదు. కంప్యూటర్‌లో గీసింది కాబట్టి మొన మరీ నున్నగా ఉంది, ఏ పక్కకి పడాలో సుడికి తెలియడం లేదు, బెంగుళూరులో చేసింది ఇనుముతో, దాని మొనకి గీతో నొక్కో ఉండే ఉంటుంది అన్నాను. నాన్న చెప్పాడుగా, గోరంత చాలు.

బావ లేచి కూర్చున్నాడు. ఏ పక్కన పెట్టాలి అన్నాడు. లాగ్‌బుక్కు తీసి, ఆ రోజు పేజీలో అంకెల కింద గీసి చూపించాను. వాలిన గుంజ, మొన, మొన పక్కన చిన్న చుక్క, వెనక సుడులు. చుక్క నుంచి సుడి దాకా బాణం గుర్తు వేశాను. నా బొమ్మ నాకే ముద్దొచ్చింది.

బావ వెంటనే మెష్ మార్చడం మొదలుపెట్టాడు. అన్నం తినమంటే చెయ్యి ఊపాడు.

సెప్టెంబరు 8, సోమవారం

రేపు ఊరెళ్ళాలి. ఎలా వెళ్తావే అన్నాడు బావ. సున్నా ఇప్పుడే కదులుతోంది, ఇప్పుడు క్రాష్ అయితే మళ్ళీ మొదటికి, నాకు ఇంటర్నల్ ఎగ్జామ్స్ డ్యూటీ, సెలవు ఇవ్వరు, మావయ్య ఉన్నాడుగా, కార్యం ఆయన చేస్తాడు, నువ్వు వెళ్ళి చేసేదేముంది అన్నాడు.

సంతోషమ్మగారిని కూర్చోబెడదామా అన్నాను. ఆవిడకేం తెలుసు అన్నాడు. అంటే నాకు తెలుసని ఒప్పుకున్నట్టే. అందుకు కాస్త సంతోషపడ్డాను కూడా. నా బుద్ధికి ఏం చెప్పాలి.

సెప్టెంబరు 10, బుధవారం

ఉదయం 9: సున్నా పాయింట్ సున్నా నాలుగు.
10: సున్నా పాయింట్ సున్నా తొమ్మిది.
11: సున్నా పాయింట్ ఒకటి ఏడు. ఎడమకి.
12: అమ్మకి పిండం పెట్టే టైము. సున్నా పాయింట్ రెండు ఆరు.
1: నాన్న ఫోన్ చేశాడు. కాకి వచ్చిందన్నాడు. నువ్వు రాలేదని అమ్మ ఏమీ అనుకోదులే అన్నాడు.
2: ఎక్కించలేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

కలిసింది. టన్నెల్ అంకె, మా అంకె. బుడిపె రెండో పక్కన పెడితే కుడికి లాగాలి, తర్వాత అదీ చూస్తాడట. బావ నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు, నా తల ద్వారబంధానికి తగిలింది.

అమ్మ సంవత్సరీకానికి వెళ్ళనందుకు ఇది సరిపోతుందా అని నన్ను నేను అడిగాను. చాలు అనుకున్నాను. అప్పటికి.

అక్టోబరు 11, శనివారం

బందరు వెళ్ళి వచ్చాం. అక్కడ ఒక కాలేజీలో సెమినారు. గైడు గారు ఫ్యామిలీని కూడా తీసుకురమ్మన్నారట. పట్టుచీర కట్టుకోమన్నాడు. ఎక్కువ మాట్లాడకు అన్నాడు. నేను ఎప్పుడు ఎక్కువ మాట్లాడాను? మూడుసార్లు. మూడూ ఈ డైరీలో ఉన్నాయి.

హాల్లో చివరి వరసలో గైడు గారి భార్య పక్కన కూర్చున్నాను. బావ స్టేజీ మీద బాగున్నాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చాడు. ఇందులో ఒక చిన్న కథ ఉంది సార్ అన్నాడు.

మాది దివిసీమ, మత్స్యకార కుటుంబం అన్నాడు. చిన్నప్పుడు పడవ మీద కూర్చుని వల కట్టే గుంజ వెనక సుడులు చూస్తూ గంటలు గడిపేవాణ్ణి అన్నాడు. టన్నెల్ డేటా కలవనప్పుడు, ఒకరోజు పొద్దున ఆ గుంజ నా కళ్ళ ముందు కనబడింది అన్నాడు. వాలిన గుంజ ఒక పక్కకే లాగుతుంది, ఎందుకు అని నన్ను నేను అడుక్కున్నాను అన్నాడు.

బావని ఆరో తరగతిలోనే విజయవాడ హాస్టల్లో వేశారు. పడవ ఎక్కితే వాంతులు. మా పెళ్ళయ్యాక నాన్న సరదాగా పాయలోకి తీసుకెళితే పక్కకి వంగి కక్కుతూనే ఉన్నాడు, తల నేను పట్టుకున్నాను.

ఒక పెద్దాయన లేచి, ఏ పక్కకి లాగుతుందో ఏది డిసైడ్ చేస్తుంది అని అడిగారు. బావ కత్తితో మొన చెక్కుతున్నట్టు చెయ్యి తిప్పాడు. గోరంత బుడిపె చాలు సార్, కింద ఎంత లావుగా ఉన్నా దానికి లెక్క లేదు అన్నాడు. అక్షరం పోకుండా. చెయ్యి తిప్పడం కూడా మా నాన్నదే.

చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. పక్కన ఆవిడ చూస్తున్నారు మరి.

భోజనాల దగ్గర ఆవిడ నన్ను, ఏం చదువుకున్నావమ్మా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు బావ, ఇంటర్ అండీ, బైపీసీ అన్నాడు. ఆవిడ నవ్వి, మరి మొగుడి రీసెర్చి కొంచెమైనా అర్థమవుతుందా అన్నారు. ఎక్కడండీ, టీవీ సీరియల్సే అన్నాడు బావ. మాకు టీవీ లేదు.

రైల్లో పెడన దాటాక అడిగాను. నా పేరు చెప్పక్కర్లేదు బావా, మా ఆవిడ చెప్పింది అంటే సరిపోయేది, మా మావయ్య చెప్పాడు అన్నా సరిపోయేది అన్నాను.

ఏడో తరగతి పెళ్ళాం చెప్పిందంటే థీసిస్‌ని ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారా అన్నాడు. నవ్వుతారే అన్నాడు. నువ్వేమైనా ఈక్వేషన్ రాశావా, మెష్ కట్టావా, ఊరికే ఒక మాట అన్నావు, అలాంటి మాటలు పల్లెలో ఎవరైనా అంటారు, దాన్ని సైన్సు చేసింది ఎవరు అన్నాడు. నా ఉద్యోగం నిలబడితే తినేది నువ్వు కాదా అన్నాడు.

ఎవరైనా అంటారు. సరే. ఆ పల్లెలో పుట్టిన ఆయన మాత్రం అనలేదు.

అక్టోబరు 12, ఆదివారం

పొద్దున్నే లాగ్‌బుక్కు తీశాను. ఆగస్టు ముప్పై పేజీ కోసం. నా బొమ్మ ఒక్కసారి చూసుకుందామని.

లేదు. బ్లేడుతో కోసినట్టు కుట్టు దాకా నీటుగా తీసేశాడు. పక్క పేజీ మీద నా పెన్ను నొక్కులు మాత్రం ఉన్నాయి. వేలితో తడిమితే బాణం గుర్తు తగిలింది.

లాగ్‌బుక్కు గైడు గారికి సబ్మిట్ చేయాలి, అందులో ముగ్గులూ పువ్వులూ ఉంటే బాగుంటుందా అన్నాడు.

థీసిస్‌లో అదే బొమ్మ ఉంది. కంప్యూటర్‌లో గీసి, రంగులు వేశాడు. చుక్క, బాణం గుర్తు, సుడులు. కింద ఫిగర్ 5.3 అని ఉంది.

అక్టోబరు 28, మంగళవారం

ఉదయం 10

తుఫాను. బావ నిన్న బందరు వెళ్ళాడు, గైడు గారింట్లో చిక్కుకుపోయాడు. బస్సులు ఆపేశారు. ఫోన్ కలవడం లేదు. థీసిస్‌కి ఆఖరి రన్ ఇది. పదిహేను రోజుల నుంచి నడుస్తోంది. ఇది పోతే గడువు కూడా పోతుంది. నిన్న వెళ్తూ గుమ్మంలో ఆగి, జాగ్రత్త అన్నాడు. నాకు కాదు.

ఉదయం 11.40

కరెంటు పోయింది. యూపీఎస్ కూస్తోంది. కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సేవ్ కొట్టకపోతే ఎవరికీ తెలియదు. పెద్ద తుఫాను, ఏమైనా అవుతుంది. సంతోషమ్మగారి కొబ్బరిచెట్టు ఒక పక్కకి వాలి మళ్ళీ లేస్తోంది. కూతలు దగ్గర దగ్గరగా పడసాగాయి. పావుగంటలో పన్నెండు నిమిషాలు అలా కూర్చున్నాను.

తర్వాత స్క్రీన్ మీద పక్కకి లాగే అంకె చూశాను. నేను గీసిన గడిలోకి ఎక్కాల్సిన అంకె. అమ్మకి పిండం పెట్టే టైములో సున్నా పాయింట్ రెండు ఆరు ఉన్న అంకె. అది ఆయనది కాదు.

సేవ్ చేశాను.

నవంబరు 16, ఆదివారం

థీసిస్ ప్రింటయి వచ్చింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. బావ గోపి గారికి చూపించడానికి ఒక కాపీ పట్టుకెళ్ళాడు. ఇంకో కాపీ కిందికి తీసుకెళ్ళి సంతోషమ్మగారితో చదివించుకున్నాను. థాంక్స్ చెప్పే పేజీ మొదట్లోనే ఉంటుందట.

గైడు గారికి, కాలేజీ మేనేజ్‌మెంట్‌కి, గోపి గారికి, అమ్మానాన్నలకి. చివరి లైను, నా భార్య చూపిన సహనానికి అని ఉందట. సంతోషమ్మగారు కళ్ళద్దాలు తీసి, పేరు వెయ్యలేదేంటమ్మా నాంచారీ అన్నారు.

నా పేరు నాంచారమ్మ. ఇన్నాళ్ళూ ఇందులో నేను కూడా రాయలేదు, ఇప్పుడే చూసుకున్నాను.

నవంబరు 17, సోమవారం

కొత్త రన్ మొదలుపెడతానన్నాడు. పేపరు రాయాలట, వాలు మార్చి ఇంకో ఇరవై రోజులు. కొత్త లాగ్‌బుక్కు తెచ్చాడు. అట్ట మీద పువ్వులున్నది, నాకోసం ఏరి తెచ్చానన్నాడు.

నాకు రాదు బావా అన్నాను.

ఆరు నెలలు చేశావుగా అన్నాడు.

నేను ఏడో తరగతి అన్నాను. నీకు ఇంటర్ బైపీసీ చదివిన భార్య ఉందని బందరులో చెప్పావు కదా, ఆవిణ్ణి కూర్చోబెట్టుకో అన్నాను.

మాట పూర్తిగానే వచ్చింది. బావ లాగ్‌బుక్కు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను లోపలికెళ్ళి సంచి సర్దుకున్నాను. నాన్న దగ్గర పది రోజులు ఉండి వస్తాను. అమ్మకి నేను పెట్టాల్సిన అన్నం ఒకటి మిగిలి ఉంది.

నవంబరు 20, గురువారం

ఇది ఎవరికైనా దొరికితే కాల్చెయ్యండి. చేతులెత్తి అడుగుతున్నాను.

కాల్చేముందు జూలై పదకొండున గుంజ సంగతి రాసిన పేజీ ఒక్కటి చూడండి. రాత నాదే, తప్పులుంటే క్షమించండి. తారీఖు మాత్రం నేను వేసింది కాదు. అచ్చులో ఉన్నదే.